అనంతపురం బడుల్లో భూగోళ పాఠం

నైరుతి రుతుపవనాలు పడమటి కనుమలను దాటేసరికి తేమలో చాలా భాగాన్ని కోల్పోతాయి, ఈశాన్య రుతుపవనాలు తూర్పు తీరం నుంచి ఇంత లోపలికి వచ్చేసరికి నీరసిస్తాయి. ఈ రెండింటి మధ్యా చిక్కుకున్న అనంతపురం ప్రాంతంలో ఏడాది సగటు వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. కొండల అడ్డు వల్ల వాన తగ్గిన ఇటువంటి నేలను భూగోళ శాస్త్రంలో వర్షచ్ఛాయా ప్రాంతమనీ, చుట్టుపక్కల నేల కంటే ఎత్తుగా ఉండి పైభాగం ఇంచుమించు చదునుగా సాగే నేలను పీఠభూమి అనీ అంటారు. ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా చదివే ప్రతి విద్యార్థికీ ఈ రెండు మాటలూ ఎదురవుతాయి. వాటికి నిలువెత్తు ఉదాహరణగా నిలిచిన అనంతపురం నేల మాత్రం పాఠ్యపుస్తకంలో పాఠంగా చోటు సంపాదించుకోవడానికి చాలా కాలం పట్టింది.

1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి వదులుకున్న దత్తమండలాల్లో ఈ ప్రాంతం ఒకటి కాగా, 1882లో ప్రత్యేక జిల్లా ఏర్పడే వరకు ఇది బళ్ళారి జిల్లాలో అంతర్భాగంగా ఉండేది. దత్తమండలాలకు ప్రధాన కలెక్టరుగా పనిచేసి, తర్వాత మద్రాసు గవర్నరైన థామస్ మన్రో 1822లో అన్ని జిల్లాల నుంచి బడుల వివరాలు కోరినప్పుడు, బళ్ళారి కలెక్టరు క్యాంబెల్ మరుసటి ఏడాది ఆగస్టులో పంపిన నివేదిక ప్రకారం 9,27,857 మంది జనాభాకు 533 బడులు, వాటిలో 6,641 మంది విద్యార్థులు ఉన్నారు. బడుల్లో 235 కన్నడానివి, 226 తెలుగువి. పిల్లలు మొదట ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దేవారు. తర్వాత బియ్యపు జిగురు, బొగ్గుపొడి పూసిన చెక్కపలక మీద గాని, గంజి పెట్టి మడతలు వేసి బొగ్గు, బంకలు పట్టించిన గుడ్డ పుస్తకం మీద గాని బలపంతో రాసి, తడిగుడ్డతో తుడిచి, మళ్ళీ రాసేవారు. చదవడం, రాయడం, లెక్కలు, పద్యాలు కంఠస్థం చేయడం ఆ చదువులోని ముఖ్యాంశాలు. నేల, నీరు, దిక్కులు, దేశాలు వేరొక విషయంగా అందులో లేవు. దేశం క్రమంగా పేదరికంలోకి జారడమే బడులు క్షీణించడానికి కారణమని క్యాంబెల్ నిర్మొహమాటంగా రాయడం గమనించదగ్గ విషయం.

ఆ బడులకు కూతవేటు దూరంలోనే ప్రపంచ భూగోళ శాస్త్రంలో ఒక పెద్ద పని సాగింది. 1802లో మద్రాసులో మొదలైన మహా త్రికోణమితి సర్వేలో భాగంగా విలియం లాంబ్టన్ 1811లో ఈ ప్రాంతంలోని గుత్తి సమీపంలో ఒక ఆధారరేఖను కొలిపించాడు. చదునైన నేల మీద అత్యంత జాగ్రత్తగా గొలుసుతో కొలిచే సరళరేఖను ఆధారరేఖ అంటారు. దాని రెండు కొసల నుంచి దూరపు కొండశిఖరాన్ని చూసి కోణాలు కొలిస్తే, అక్కడికి నడిచి వెళ్ళనక్కరలేకుండానే దూరం లెక్కకట్టవచ్చు. దక్షిణం నుంచి ఉత్తరానికి, 78వ తూర్పు రేఖాంశానికి దగ్గరగా సాగిన ఈ త్రిభుజాల వరుస భూమి వంపును నిర్ధారించడానికి ఉపయోగపడింది. అక్షాంశ రేఖాంశాలు నేర్చుకునే గుత్తి పిల్లలకు ఇంతకంటే దగ్గరి ఉదాహరణ మరొకటి దొరకదు.

ఇక ఊళ్ళో పెద్దలకు తెలిసిన భూగోళం వేరు. రోహిణి, మృగశిర, ఆరుద్ర అంటూ సూర్యుడి నడకను బట్టి పద్నాలుగు రోజులకు అటూ ఇటూగా లెక్కించే కార్తెలు వారి వాతావరణ పట్టిక. ఎర్రనేలకు ఎంత వాన పడితే విత్తనం వేయవచ్చో, నల్లరేగడి ఎన్నాళ్ళు పదును నిలుపుతుందో వారికి అనుభవంతో తెలుసు. పండమేరు వంకకు అడ్డంగా అనంతపురం చెరువును 14వ శతాబ్దంలో విజయనగర రాజు బుక్కరాయల మంత్రి చిక్క ఒడయరు కట్టించాడని ప్రతీతి. వంక ఎక్కడ పుడుతుంది, కట్ట ఎక్కడ వేయాలి, తూము ఎంత లోతున పెట్టాలి, నిండిన నీరు మరవ మీదుగా ఏ దిక్కుకు పోవాలి అనే ప్రశ్నలకు సమాధానం తెలియకుండా అటువంటి చెరువు నిలవదు. నదీ పరీవాహక ప్రాంతమంటే ఏమిటో చెప్పడానికి ఆ కట్ట మీద గంటసేపు నిలబడితే చాలు. ఈ జ్ఞానాన్ని బడి పాఠంగా గుర్తించకపోవడం మన విద్యాచరిత్రలో పెద్ద లోపం.

1926లో ఎన్. సుబ్రహ్మణ్యం చొరవతో ఏర్పడిన మద్రాసు భూగోళ సంఘం బడుల్లో భూగోళ బోధనను బాగుచేయడానికి పూనుకుంది. స్వాతంత్ర్యానంతరం 1952–53 నాటి మొదలియార్ కమిషన్ సిఫారసుతో భూగోళం, చరిత్ర, పౌరశాస్త్రం ఒకే సాంఘిక శాస్త్రంలో కలిశాయి. ఈ కలయిక ఉద్దేశం మంచిదే అయినా, చరిత్ర చదివిన ఉపాధ్యాయుడే పటాలూ పవనాలూ బోధించవలసి వచ్చిన చోట భూగోళం వల్లెవేసే పేర్ల జాబితాగా మిగిలిపోయింది.

ఆ పరిస్థితి 2012 నాటి పాఠ్యపుస్తకాలతో కొంత మారింది. ఆరో తరగతి పుస్తకం భూస్వరూపాలను నిర్వచనాలతో కాక ఊళ్ళతో పరిచయం చేసింది: డెల్టాకు కృష్ణా జిల్లా పెనమకూరు, పీఠభూమికి పాలమూరు ప్రాంతపు డోకూరు. 2014లో రాష్ట్రం విడిపోయి డోకూరు తెలంగాణకు వెళ్ళడంతో, ఆంధ్రప్రదేశ్ పుస్తకంలో ఆ స్థానం అనంతపురం జిల్లా శింగనమల మండలంలోని సలకంచెరువుకు దక్కింది. అనంతపురం పిల్లలు తమ పొరుగూరినే పాఠంగా చదువుకునే అవకాశం ఇలా రాష్ట్ర విభజన పుణ్యమా అని వచ్చిందే తప్ప, కరువు నేలను గుర్తించాలన్న ప్రత్యేక సంకల్పంతో వచ్చింది కాదు. అయినా దాని విలువ తక్కువ కాదు; ఒక ఊరి నేల, నీటివనరు, పంట, ఉపాధి ఒకదాన్నొకటి ఎలా నిర్ణయిస్తాయో డెల్టా ఊరితో పోల్చి చూడడం నేర్చిన విద్యార్థికి వేరుశనగ ఎందుకు వేస్తారో, బోరు ఎందుకు ఎండుతుందో వేరుగా చెప్పనక్కరలేదు.

2020లో ఆరో తరగతి పుస్తకం మళ్ళీ మారి, ఒక్కొక్క ఊరి కథకు బదులు రాష్ట్రమంతటి భూస్వరూపాల పాఠం వచ్చింది. 2022 ఏప్రిల్ 4న శ్రీసత్యసాయి జిల్లా వేరుపడడంతో జిల్లా పటమే మారిపోయింది. పుస్తకం మారినా మండల కేంద్రంలో వర్షమాపకం ఉంది, రెవెన్యూ కార్యాలయంలో గ్రామ పటం ఉంది, ఊరి పక్కన చెరువు ఉంది. వానాకాలంలో రోజువారీ వర్షపాతాన్ని పిల్లల చేత నమోదు చేయించడం, గ్రామ పటం పట్టుకుని కట్ట వెంట నడిపించడం ఉపాధ్యాయులు ఈ ఏడాదే మొదలుపెట్టవచ్చు. సలకంచెరువు వంటి పాఠాన్ని తిరిగి పుస్తకంలో చేర్చే బాధ్యతను పాఠ్యపుస్తక రచయితలు తీసుకోవాలి.