‘లెక్కల మాత్ర’ వెనుక కథ



పోయిన నెల మన గ్రూపులో ఒక సందేశం తిరిగింది. ప్లస్ టూ, నీట్ రాసే పిల్లలకు చదువు మీద గురి కుదిర్చే మాత్ర ఒకటి ఉందనీ, ఒకచోట చీటీ లేకుండానే ఇస్తారనీ. వెంబకోట్టైలో మనవాళ్ళే ఇద్దరు ముగ్గురు ఫోన్ చేసి ఎక్కడ దొరుకుతుందని అడిగారు. అదే వారం ఇంకో ఇంటి పెద్దమ్మ వేరే మాట అడిగింది: “మా మనవడికి డాక్టరు ఇదే మందు రాశాడు నాయనా, పిచ్చికి ఇచ్చేదేమో, మానిపించమంటారా?” అందుకే ఈసారి వైప్పారు గట్టు తవ్వకాల ముచ్చట పక్కనపెట్టి ఈ మందు చరిత్ర రాస్తున్నాం.

1887లో బెర్లిన్‌లో చదువుకుంటున్న రుమేనియా యువకుడు లజార్ ఎడెలియాను ఆంఫెటమిన్ అనే పదార్థం తయారుచేశాడు. దాని ఉపయోగం ఎవరికీ తోచక నలభై ఏళ్ళు మూలన పడింది. 1930లలో అమెరికాలో బెంజెడ్రిన్ పేరుతో, ముక్కు దిబ్బడకు పీల్చే మందుగా అది బజారుకొచ్చింది.

1937లో మలుపు తిరిగింది, అదీ పొరపాటున. రోడ్ ఐలండ్ రాష్ట్రంలో పిల్లల మానసిక వైద్యశాల నడిపే డాక్టర్ చార్లెస్ బ్రాడ్లీ, మెదడు ఎక్స్‌రే కోసం పిల్లల వెన్నులోంచి నీరు తీయించేవాడు. తర్వాత వాళ్ళకు విపరీతమైన తలనొప్పి. బెంజెడ్రిన్ ఇస్తే నీరు తొందరగా ఊరుతుందనుకున్నాడు. తలనొప్పి పెద్దగా తగ్గలేదు గానీ, 30 మంది పిల్లల్లో 14 మంది బడిలో ఒక్కసారిగా మారిపోయారు. కుదురుగా కూర్చున్నారు, లెక్కలు చేశారు. పిల్లలే వాటికి ‘లెక్కల మాత్రలు’ అని పేరు పెట్టుకున్నారు. మందు ఆపిన రోజే పాత తీరు తిరిగొచ్చింది. ఉత్సాహం పెంచే మందు అల్లరి పిల్లవాణ్ణి ఎలా నెమ్మది చేసిందో బ్రాడ్లీకే వింతగా తోచింది.

1944లో స్విట్జర్లాండ్‌లోని సీబా కంపెనీలో లియాండ్రో పానిజోన్ మిథైల్‌ఫెనిడేట్ తయారుచేశాడు. భార్య మార్గరీట్ ముద్దుపేరు రీటా. ఆ మాత్ర వేసుకుంటే ఆమె టెన్నిస్ ఆట బాగుపడిందట. రీటా పేరు మీదే అది ‘రిటాలిన్’ అయింది.

ఇంతకీ మెదడులో ఏం జరుగుతుంది? నరాల మధ్య డోపమిన్, నార్‌అడ్రినలిన్ అనే రసాయనాలు ఊరి, పని కాగానే వచ్చిన దారినే వెనక్కి ఇంకిపోతాయి. మిథైల్‌ఫెనిడేట్ ఆ వెనక్కి పోయే దారికి మడవ కట్టేస్తుంది. ఆంఫెటమిన్ మడవ కట్టడమే కాక లోపలి నీటిని కూడా బయటికి తోస్తుంది. పొలానికి నీరు సరిపడా నిలిచినప్పుడు, ముందున్న పని చేయదగినదిగా కనిపిస్తుంది, పక్కనున్న చప్పుడు వెనక్కి తగ్గుతుంది. ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లవాడికి జరిగే మేలు ఇదే. తెలివి కొత్తగా పుట్టదు. (మన కాఫీ దారి వేరు. అలసటను మెదడుకు చెప్పే అడినోసిన్ కూర్చునే చోట అది ముందే కూర్చుంటుంది.)

నీరు ఎక్కువైతే పైరు కుళ్ళినట్టే ఇక్కడా. ప్రతి చిన్న చప్పుడుకూ, ప్రతి చూపుకూ ఏదో అర్థం ఉన్నట్టు తోస్తుంది. ఎవరో వెంటాడుతున్నారన్న అనుమానం పుడుతుంది. 1958లో లండన్ డాక్టరు ఫిలిప్ కానెల్ ఆంఫెటమిన్ వల్ల వచ్చే ఇలాంటి మతిభ్రమణ గురించి పుస్తకమే రాశాడు. రెండో ప్రపంచ యుద్ధంలో సైనికులను మేల్కొలిపి ఉంచడానికి ఇచ్చిన ఈ జాతి మందులు యుద్ధం ముగిశాక జపాన్ వీధుల్లోకి పారాయి. చివరికి 1951లో అక్కడ చట్టం తేవలసి వచ్చింది.

ఇక నీట్ పిల్లల మాట. జబ్బు లేని 40 మందికి ఈ మందులు ఇచ్చి చేసిన పరీక్ష ఫలితాలు 2023లో అచ్చయ్యాయి. సంచిలో పట్టేంత బరువులో ఎక్కువ విలువైన వస్తువులు ఏరడం వాళ్ళకిచ్చిన లెక్క. మందు వేసుకున్నవాళ్ళు ఎక్కువసేపు కుస్తీ పట్టారు, వస్తువులను ఎక్కువసార్లు అటూ ఇటూ మార్చారు, కానీ ఆ ఎంపికల్లో పస తగ్గింది. మందు లేనప్పుడు బాగా చేసినవాళ్ళే వెనకబడటం కనిపించింది. కష్టపడుతున్నామన్న తృప్తి మిగిలింది, మార్కు మిగల్లేదు. పైగా నిద్ర పోతుంది, గుండె వేగం పెరుగుతుంది. మన దేశంలో మిథైల్‌ఫెనిడేట్ 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కిందికి వస్తుంది. చీటీ లేకుండా అమ్మడం నేరం. ఆ సందేశాన్ని గ్రూపులోంచి తీసేశాం, పంపినవారు ఏమీ అనుకోవద్దు.

ఆ పెద్దమ్మకు మాత్రం, ఆపాలన్నా కొనసాగించాలన్నా డాక్టరునే అడగమని చెప్పాం. మనవడు మందు వేసుకుంటున్నాడు. మధ్యాహ్నం ఆకలి తగ్గిందని, రాత్రి పెరుగన్నం ఇంకో రెండు ముద్దలు ఎక్కువ పెడుతోంది. వెళ్ళినప్పుడల్లా బరువు, ఎత్తు, రక్తపోటు చూస్తున్నారు. పోయిన వారం ఒక పేజీ గుణకారాలు లేవకుండా చేశాడని ఫోటో పంపింది. అందులో మూడు తప్పులున్నాయి.