కాడిలాక్ మోటారుకారు చరిత్ర

కొయ్యూరు మన్యములో గొడ్డలికి కామ వేయువాడు బెజ్జమునకు సరిపడువరకు కఱ్ఱను చెక్కును, పెట్టి చూచును, మరల చెక్కును. ఆ కామ ఆ గొడ్డలికే పట్టును. పొరుగువాని గొడ్డలికి వదులో బిగువో అగును. తొలినాటి మోటారుకార్లును ఇట్లే తయారయ్యెడివి. ప్రతి భాగమును ఆకురాయితో అరగదీసి పక్క భాగమునకు అమర్చెడివారు. ఒకటి విరిగినచో దాని బదులు మరియొకటి తిన్నగా పట్టెడిది కాదు.

ఈ పద్ధతిని సహింపనివాడు హెన్రీ లేలాండ్. అమెరికా అంతర్యుద్ధకాలమున స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధాగారములో పనిచేసి, తుపాకీ భాగములన్నిటిని ఒకే కొలతకు చేయుట ఎరిగినవాడు. 1902లో డెట్రాయిట్ నగరమున, హెన్రీ ఫోర్డు విడిచిపోయిన ఒక కంపెనీని దాని యజమానులు మూసివేయబోగా, వలదని చెప్పి నిలబెట్టినది ఈయనయే. 1701లో ఆ నగరమును స్థాపించిన ఫ్రెంచివాడు కాడిలాక్ పేరు దానికి పెట్టిరి.

1908లో ఇంగ్లండులోని బ్రూక్‌లాండ్స్ పందెపు బాట వద్ద ఒక వింత పరీక్ష జరిగెను. రాయల్ ఆటోమొబైల్ క్లబ్బువారు మూడు కాడిలాక్ కార్లను విప్పించి, ఒక్కొక్కదానిలోని 721 భాగములను కలగలిపి కుప్ప వేయించిరి. కొన్నిటిని తీసివేసి దుకాణములోని విడిభాగములను చేర్చిరి. మరల బిగించుటకు పానాలు, స్క్రూడ్రైవర్లు మాత్రమే ఇచ్చిరి, ఆకురాయి పనికిరాదనిరి. మూడు కార్లును 500 మైళ్లు పరుగెత్తినవి! డ్యూయర్ ట్రోఫీ కాడిలాక్‌కు దక్కెను. నిజమునకు అవి ఒంటి సిలిండరు చిన్న కార్లు. మెత్తని సీట్లకంటె ముందు ఈ కొలతయే కాడిలాక్‌కు పేరు తెచ్చినది.

అయినను ఇంజను కదలవలెనన్న ఎదుట నిలిచి హ్యాండిల్ త్రిప్పవలసియుండెను. నిప్పురవ్వ వేళకు ముందే పుట్టినచో ఇంజను వెనుకకు తన్ని, హ్యాండిల్ మనిషిని కొట్టును. లేలాండ్ మిత్రుడు బైరన్ కార్టర్ 1908లో ఇట్టి దెబ్బ ఫలితముగానే మరణించెనని చెప్పుదురు. ఈ బాధ తొలగించు పనిని లేలాండ్ చార్లెస్ కెట్టరింగునకు అప్పగించెను. దుకాణములలో డబ్బు లెక్కించు యంత్రమునకు విద్యుత్ మోటారు అమర్చినవాడీ కెట్టరింగు. అక్కడ అతడు గ్రహించిన సూక్ష్మమిది: ఎడతెగక తిరుగు మోటారు వేడెక్కి కాలిపోకుండ ఉండవలెనన్న పెద్దది కావలెను, కొన్ని క్షణములే తిరుగునది చిన్నదైనను, వేడెక్కులోపల పని ముగించును. 1912 మోడల్ కాడిలాక్‌లో ఇట్టి మోటారు వచ్చెను. ఇంజను నడచునప్పుడు అదే డైనమోగా మారి బ్యాటరీని నింపెను. రెండవ డ్యూయర్ ట్రోఫీ ఈ విద్యుత్ ఏర్పాటునకే. చేతిబలము లేనివారును ఒంటరిగా కారు తీసికొని పోగలిగిరి.

కాడిలాక్ 1909లోనే జనరల్ మోటార్స్‌లో చేరియుండెను. 1917లో లేలాండ్ దానిని విడిచి, యుద్ధవిమానముల ఇంజన్లు చేయుటకు వేరొక కంపెనీ పెట్టి, తాను 1864లో తొలి ఓటు వేసిన లింకన్ పేరు దానికుంచెను. యుద్ధానంతరము అదియును విలాసపు కార్లు చేసి కాడిలాక్‌కు పోటీగా నిలిచెను. 1922లో దానిని కొన్నవాడు హెన్రీ ఫోర్డు.