సరదా కెమెరా – సామాజిక ప్రయోజనం: జర్మన్ కార్మిక ఫోటోగ్రాఫర్ల అనుభవం

సాహిత్యం ఎవరికోసం అన్న ప్రశ్న మనకు కొత్తది కాదు. ఏ కవినైనా, ఏ కథకుడినైనా ఆ ప్రశ్న ముందు నిలబెట్టి చూడడం అభ్యుదయ విమర్శకు అలవాటే. కెమెరా పట్టుకున్నవాడిని మాత్రం మనం ఆ ప్రశ్న అడిగింది తక్కువ. ఫోటోలు తీయడం ఒక సరదా, సెలవురోజు కాలక్షేపం, చేతిలో నాలుగు డబ్బులున్నవాళ్ల ముచ్చట. దానికి ప్రయోజనమేమిటి, చూసేవాళ్లెవరు అని విచారించడం దేనికి అనుకున్నాం. అయితే 1926 నుంచి 1933 దాకా జర్మనీలో కొందరు కార్మికులు ఆ సరదాకే ఒక పని కల్పించారు. ఆ పని అక్కరకొచ్చే చూపరులను కూడగట్టారు. వాళ్లు సాధించినదీ, వాళ్లు తప్పటడుగు వేసినదీ రెండూ మనం తెలుసుకోదగినవే.

ఫోటోగ్రఫీ సరదాగా ఎలా మారిందో ముందు చూడాలి. 19వ శతాబ్దంలో చాలాకాలం ఫోటో తీయడమంటే గాజుపలకలు, రసాయనాలు, చీకటిగది. 1888లో అమెరికాలో ఈస్ట్‌మన్ సంస్థ 25 డాలర్లకు కోడక్ కెమెరాను అమ్మింది. 100 ఫోటోలకు సరిపడే ఫిలిం అందులోనే ఉండేది. అది అయిపోయాక కెమెరాను ఫ్యాక్టరీకి పంపితే వాళ్లే ఫిలిం కడిగి, ప్రింట్లు వేసి, కొత్త ఫిలిం నింపి తిప్పి పంపేవారు. 1900లో బ్రౌనీ కెమెరా వచ్చేసరికి ధర ఒక్క డాలరుకు దిగింది. కెమెరా సామాన్యుడి దాకా వచ్చిన మాట నిజమే. కానీ అతనికి దక్కింది మీట ఒక్కటే. ఫోటోను తయారుచేసే జ్ఞానం ఫ్యాక్టరీలోనే ఉండిపోయింది.

దీనికి భిన్నంగా, చీకటిగదిలో తామే పనిచేసుకునే అమెచ్యూర్లు క్లబ్బులు పెట్టుకున్నారు. 1893లో హాంబుర్గ్ మ్యూజియం అధిపతి ఆల్‌ఫ్రెడ్ లిచ్ట్‌వార్క్ అలాంటివాళ్ల ఫోటోలతో పెద్ద ప్రదర్శన ఏర్పాటుచేశాడు. గిరాకీకి తలవంచే స్టూడియో ఫోటోగ్రాఫర్ కంటే స్వేచ్ఛ ఉన్న అమెచ్యూరే ఈ కళను బాగుచేయగలడని ఆయన నమ్మకం. ఆ స్వేచ్ఛకు కావలసిన తీరిక, డబ్బు ఎవరికున్నాయన్నది వేరే ప్రశ్న. క్లబ్బుల ఫోటోలు క్రమంగా వర్ణచిత్రాలకు అనుకరణలయ్యాయి. మంచులో చెట్లు, మసకవెలుగులో పడవలు, కిటికీ పక్కన స్త్రీలు. తీసినవాళ్లే చూసేవాళ్లు, చూసినవాళ్లే బహుమతులిచ్చేవాళ్లు. నైపుణ్యం పెరిగింది గాని, క్లబ్బు గోడ దాటి ఆ నైపుణ్యం అవసరమైనవాడు ఒక్కడూ లేడు.

మొదటి ప్రపంచయుద్ధం తర్వాత జర్మనీలో సచిత్ర వారపత్రికల కాలం వచ్చింది. వాటిలో అగ్రగామి 'బెర్లినర్ ఇల్లుస్ట్రియెర్టె' 1930 నాటికి 18 లక్షల ప్రతులకు చేరింది. దేశం తన ముఖాన్ని తాను ఈ పత్రికల్లో చూసుకుంది. కానీ ఆ అద్దంలో గనికార్మికుడు కనబడేది ఏ ప్రమాదమో జరిగినప్పుడే. అతని వంటిల్లు, షిఫ్టు దిగి ఇంటికొచ్చే దారి, అద్దె కట్టలేక సామాను వీధిన పడ్డ రోజు వార్త కావు.

1921లో సోవియట్ రష్యా కరువు బాధితులకోసం ఏర్పడిన అంతర్జాతీయ కార్మిక సహాయ సంఘం నాయకుడు విల్లీ మ్యూంజెన్‌బర్గ్. ఆ సంఘం తరఫున మొదలైన చిత్రపత్రికే కాలక్రమాన 'ఆర్బైటర్ ఇల్లుస్ట్రియెర్టె ట్సైటుంగ్', అంటే కార్మిక సచిత్ర పత్రిక అయింది. పత్రిక ఉంది, పాఠకులున్నారు, ఫోటోలు లేవు. అమ్మకానికి దొరికే ఫోటోల్లో కార్మికుడి జీవితం లేదు. అందుకని 1926 మార్చిలో ఆ పత్రిక తన పాఠకులనే ఫోటోలు పంపమని పోటీ ప్రకటించింది. ఉద్యమ దృశ్యాలు, కార్మికుల సామాజిక స్థితి, రోజువారీ బతుకు, పనిచేసే చోటు: అడిగినవి ఇవి. అదే ఏడాది కార్మిక ఫోటోగ్రాఫర్ల సంఘం ఏర్పడింది. 'డెర్ ఆర్బైటర్ ఫోటోగ్రాఫ్' అనే పత్రిక మొదలైంది. 1927లో ఎర్‌ఫుర్ట్‌లో దేశమంతటి సభ్యులు సమావేశమయ్యారు.

ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. ఈ కార్మికుల్లో చాలామందికి కెమెరా అప్పటికే ఉంది, లేదా ఎవరిదగ్గరో తీసుకోగలిగేవారు. ఆదివారం పార్కులో భార్యాపిల్లల ఫోటో తీసినవాళ్లే వీళ్లు. సంఘం వాళ్లకిచ్చింది కొత్త యంత్రం కాదు. పదిమంది కలిసి వాడుకునే చీకటిగది, తెలియంది నేర్పే తోటివాడు, తీసిన ఫోటోను నిలదీసే విమర్శ, చివరకు అది అచ్చయ్యే చోటు ఇచ్చింది. పత్రికలో ఎక్స్‌పోజరు గురించిన పాఠం పక్కనే, ఆ ఫోటో ఏం చెబుతోంది, ఏం చెప్పలేకపోయింది అన్న చర్చ ఉండేది. క్లబ్బు అమెచ్యూరుకు ఈ రెండూ వేరువేరు విషయాలు, వీళ్లకు ఒకటే.

చూపరి మారితే ఫోటో మారుతుంది. లేతు మిషను ముందు నిలబడ్డ మనిషి ఫోటో క్లబ్బులో పెడితే వెలుగునీడల పొందిక చూసి మెచ్చుకుంటారు. అదే ఫోటో లేతు మీద పనిచేసేవాడి ముందు పెడితే, చెయ్యి అక్కడ ఉండదు, పోజు పెట్టించావు అంటాడు. ఆ మాట పడ్డవాడు మరునాడు మరింత జాగ్రత్తగా చూస్తాడు. తీసినవాడూ, ఫోటోలో ఉన్నవాడూ, చూసేవాడూ ఒకే వాడకట్టు మనుషులు కావడమే ఈ ఉద్యమం అసలు బలం.

ఫోటో దానంతటదే నిజం చెప్పదని కూడా వీళ్లు గ్రహించారు. 1931లో కార్మిక సచిత్ర పత్రిక పదేళ్ల పండుగ సందర్భంలో బ్రెహ్ట్ ఈ మాటే మరో రూపంలో హెచ్చరించాడు: కెమెరా కూడా అక్షరాలు కూర్చే యంత్రంలాగే అబద్ధమాడగలదని ఆయన వాదన. ఫోటో కింద రాసే వాక్యానికి, పక్కన పెట్టే మరో ఫోటోకు అంత ప్రాధాన్యం అందుకే. 1930 నుంచి జాన్ హార్ట్‌ఫీల్డ్ ఆ పత్రికలోనే ఫోటోలను కత్తిరించి అతికి హిట్లర్ వెనకున్న పెట్టుబడిని బయటపెట్టాడు.

పొరపాట్ల సంగతి కూడా మాట్లాడాలి. 1930లో ఎడ్విన్ హోర్న్‌లె 'కార్మికుడి కన్ను' అన్న వ్యాసంలో ప్రపంచాన్ని తన వర్గం కళ్లతో చూడడం కార్మికుడు నేర్చుకోవాలన్నాడు. సరైన మాటే. కానీ ఆ కన్ను ఏం చూడాలో ముందే తీర్మానమైతే అది చూపు అనిపించుకోదు. 1931లో ఆ పత్రిక మాస్కోలోని ఫిలిపోవ్ కుటుంబపు 24 గంటల జీవితాన్ని ఫోటోల వరసగా అచ్చువేసింది. ఆల్పెర్ట్, షైఖెత్, టూలెస్ తీసిన ఆ ఫోటోల్లో కొత్త ఇల్లు, నిండైన భోజనం, చదువు ఉన్నాయి. దానికి పోలికగా ఒక బెర్లిన్ కార్మిక కుటుంబపు ఇక్కట్లను కూడా చూపారు. ఆ తర్వాత 1932–33లో సోవియట్ గ్రామాల్లో లక్షలమంది ఆకలితో చనిపోయారు. కార్మికుడి కన్ను అని పేరు పెట్టుకున్న పేజీలు ఆ చావులను చూపలేదు. ప్రయోజనం ఉండడం ఒకటి, ప్రయోజనం పేరుతో కళ్లు మూసుకోవడం మరొకటి.

ఈ సందర్భంలో హనోవర్ కార్మికుడు వాల్టర్ బాల్‌హౌజ్‌ను తలుచుకోవాలి. తనూ పనిలేనివాడే. 1930–33 మధ్య లైకా కెమెరాతో, ఎదుటివాళ్లకు తెలియకుండా, భృతి కోసం వరసల్లో నిలబడ్డ నిరుద్యోగుల్ని, బిచ్చగాళ్లను, పార్కు బెంచీల మీద ముసలివాళ్లను తీశాడు. ఆ ఫోటోలు విస్తారంగా జనంలోకి వచ్చింది 1970లు, 80లలోనే. పత్రిక దొరకని ఫోటో చచ్చిపోకపోవచ్చు. కానీ అది ఎవరి ఆకలి గురించో, వాళ్లకు అందే వేళ దాటిపోయింది.

1933లో నాజీలు అధికారానికి రాగానే సంఘం నాశనమైంది. ఎందరో జైళ్లపాలయ్యారు. కార్మిక సచిత్ర పత్రిక ప్రాగ్‌కు వలసపోయి, 1936లో పేరు మార్చుకుని, 1938 దాకా బతికింది.

మన దేశంలో ఈ కథకు దగ్గరగా వచ్చేది సునీల్ జానా జీవితం. కలకత్తాలో ఇంగ్లీషు సాహిత్యం చదువుతూ సరదాకు ఫోటోలు తీసుకునే కుర్రవాడు. 1943లో కమ్యూనిస్టు పార్టీ నాయకుడు పి.సి. జోషి అతన్ని చదువు పక్కనపెట్టించి, చిత్రకారుడు చిత్తప్రసాద్‌తోపాటు బెంగాల్ కరువు ప్రాంతాలకు తీసుకుపోయాడు. ఫోటోలు పార్టీ పత్రిక 'పీపుల్స్ వార్'లో వచ్చాయి. సుమారు 30 లక్షలమందిని మింగిన కరువును ప్రభుత్వం కరువుగా ప్రకటించని రోజులవి. ఆ ఫోటోలు దేశాన్ని కదిలించాయి. చిత్తప్రసాద్ బొమ్మల పుస్తకం 'హంగ్రీ బెంగాల్' ప్రతులను బ్రిటిష్ పాలకులు పట్టుకుని తగలబెట్టారంటే దృశ్యానికున్న శక్తి ఏమిటో పాలకులకు తెలుసన్నమాట. జానా చేతిలో కెమెరా ముందూ ఉంది. ఆ ఫోటో ఎక్కడికి వెళ్లాలో తెలిసింది మాత్రం అప్పుడే.

అయినా జర్మనీకీ బెంగాల్‌కీ తేడా ఉంది. అక్కడ కార్మికుడు తనవాళ్లను తీశాడు, తనవాళ్లకు చూపాడు. ఇక్కడ చదువుకున్న యువకుడు ఆకలితో ఉన్నవాళ్లను తీశాడు. చూసింది అన్నం తినగలిగినవాళ్లు. ఆ ఫోటోల అవసరాన్ని ఇది ఏమాత్రం తగ్గించదు. కానీ ఫోటోలో ఉన్న మనిషికి ఆ ఫోటో మీద మాట చెప్పే హక్కు ఎప్పుడొస్తుంది అన్న ప్రశ్నను మిగిల్చింది.

ఇవాళ కెమెరా ప్రతి జేబులో ఉంది. లక్షల ఫోటోలు తీస్తున్నారు, లక్షలమంది చూస్తున్నారు, మరుక్షణం మరిచిపోతున్నారు. చూపరుల సంఖ్యకు లోటు లేదు. పదిమంది కూర్చుని ఒక ఫోటోను నిలదీసే చోటుకే లోటు. బీడీలు చుట్టే తల్లి ఫోటోను ఆమె కూతురే తీయగల రోజులివి. మన సభల్లో కవిత చదివి చర్చించినట్టే, ఆ ఫోటోను బల్లమీద పెట్టి చర్చించాలి. ఆ చర్చలో మొదటి మాట ఆ తల్లిది కావాలి.