పార్కు జాగా కోసం పదిహేనేళ్ళు

మన వార్డుల్లో చాలా సంఘాలకు మీటింగు హాలంటే పిల్లల పార్కే. పొదుపు పుస్తకాలు అరుగు మీద పెట్టుకుని లెక్కలు చూసుకుంటుంటే పక్కనే మనవలు జారుడుబల్ల ఎక్కుతుంటారు. అద్దె లేదు, పిల్లల్ని ఎవరికో అప్పజెప్పి రావాల్సిన పనీ లేదు. టీకాల శిబిరమైనా, బతుకమ్మ ఆటైనా, ఎండాకాలం రాత్రి కరెంటు పోతే ముసలివాళ్ళు కాస్త గాలి పీల్చుకోవాలన్నా ఆ జాగానే.

అలాంటి జాగా మీద ఏదో ఒకరోజు ఒక మాట పడుతుంది: "ఖాళీగానే ఉంది కదా!" వాటర్ ట్యాంకు కడదామంటారు, ఆఫీసు కడదామంటారు, ఆస్పత్రి అంటారు. అన్నీ మంచి పనులే, అందుకే కాదనడానికి నోరు రాదు. సరిగ్గా ఈ చిక్కే బెంగళూరులో ఒక కాలనీకి వచ్చింది. అది సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది కాబట్టి మనమూ తెలుసుకోవాలి.

ఆ కాలనీ పేరు రాజమహల్ విలాస్ ఎక్స్‌టెన్షన్. అప్పట్లో బెంగళూరు నగరానికి లేఅవుట్లు వేసే ట్రస్టు బోర్డు అక్కడ ఒక జాగాను పార్కు కోసమని ప్లానులో గుర్తించి వదిలింది. 1976లో ఆ బోర్డు స్థానంలో బెంగళూరు డెవలప్‌మెంట్ అథారిటీ వచ్చింది. అదే ఏడాది బెంగళూరు మెడికల్ ట్రస్టు అనే ప్రైవేటు సంస్థ ఆస్పత్రి కట్టుకుంటామని ఆ జాగా అడిగింది. ముఖ్యమంత్రి ఇవ్వమన్నారు, ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది, అథారిటీ జాగా రాసిచ్చింది. చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళను అడిగినవాళ్ళు లేరు.

కాలనీవాళ్ళు హైకోర్టుకెక్కారు. మొదట ఒక్క జడ్జి ముందు ఓడిపోయారు. తర్వాత ఇద్దరు జడ్జీల బెంచి వాళ్ళ పక్షాన తీర్పిచ్చింది. దాని మీద ట్రస్టు సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 1991 జూలైలో జస్టిస్ టి.కె. థొమ్మెన్, జస్టిస్ ఆర్.ఎం. సహాయ్ ఆ అప్పీలు కొట్టేశారు. పిల్లలకు ఆటస్థలం, జనానికి గాలి, వెలుతురు అవసరం, అందుకోసం వదిలిన జాగాను ప్రైవేటు నర్సింగ్ హోముకు ఇవ్వడం చెల్లదన్నారు. పైవాళ్ళు చెప్పారని చట్టం చెప్పిన పద్ధతి వదిలేసి ప్లాను మార్చకూడదన్నారు.

నా మటుకు నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది ఇంకో మాట. "మీకేం నష్టం? జాగా మీది కాదుగా" అన్న వాదన అక్కడ నిలవలేదు. ఆ పార్కు పక్కన బతికేవాళ్ళకు అడిగే హక్కు ఉందని కోర్టు ఒప్పుకుంది. పట్టా మన పేర లేకపోయినా అడగొచ్చన్నమాట.

గెలిచారు, సరే. కానీ ఉత్తర్వు వచ్చిననాటికి అయిదేళ్ళున్న పిల్లకు తీర్పు వచ్చేసరికి ఇరవై ఏళ్ళు. ఆ పిల్ల ఆడుకోవాల్సిన వయసు ఏ కోర్టూ తిరిగివ్వలేదు. పైగా కోర్టుకెక్కాలంటే డబ్బు, తీరిక రెండూ కావాలి. మన బస్తీలో కూలికి పోయే చెల్లెలు పదిహేనేళ్ళు వకీలు చుట్టూ తిరగ్గలదా? అందుకే కట్టడం మొదలవకముందే కనిపెట్టడం మనకు ఎక్కువ అవసరం.

తీర్పు వచ్చిన మరుసటి ఏడాదే, 1992లో, పార్లమెంటు 74వ రాజ్యాంగ సవరణ చేసింది. దాంతో వచ్చిన పన్నెండో షెడ్యూలులో మున్సిపాలిటీల పనులు 18 రాశారు. పార్కులు, తోటలు, ఆటస్థలాలు అందులో పన్నెండోది. మన రెండు రాష్ట్రాల్లోనూ ఆమోదం పొందిన లేఅవుట్లో మామూలుగా కొంత ఖాళీ జాగా వదలాలి. ఆమోదం లేని బస్తీల్లో ఆ కాగితమే ఉండదు. అక్కడ పిల్లలు ఆడుకునేది ఎవరి కంటా పడని మిగులు జాగాలో, పోయినా అడిగే ఆధారం ఉండదు.

జాగా ఉంటే చాలదు, అందులోకి ఎవరు వెళ్తున్నారన్నదీ చూడాలి. గేటుకు తాళం వేసిన పార్కు పిల్లలకు లేనట్టే. పెద్ద మగపిల్లలు క్రికెట్‌కు దిగితే పన్నెండేళ్ళ ఆడపిల్ల ఇంటిదారి పడుతుంది. పార్కులో మనం మీటింగు పెట్టుకున్న రోజు మాత్రం ఆ పిల్ల ఉయ్యాల వదిలిపోదు. లెక్కలు రాస్తూ తల ఎత్తి చూస్తే తెలిసే సంగతే ఇది.

ఈ ఏడాది ప్రతి సంఘం తమ వార్డు పార్కు సర్వే నంబరు, విస్తీర్ణం మినిట్స్ పుస్తకంలో రాసి పెట్టుకుంటే బాగుంటుంది. లేఅవుట్ ప్లాను నకలు మున్సిపాలిటీ టౌన్‌ప్లానింగ్ విభాగంలో అడగొచ్చు, ఇవ్వకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టొచ్చు.