దక్షిణాఫ్రికా వర్ణవివక్షపై భారత దౌత్యం

1946 జూన్‌లో దక్షిణాఫ్రికా ఒక చట్టం చేసింది. భారతీయులు ఎక్కడ భూమి కొనవచ్చో, ఎక్కడ కాపురముండవచ్చో అది గిరిగీసి చెప్పింది. బాధితులు దాన్ని ‘ఘెట్టో చట్టం’ అన్నారు. ఇంకా స్వాతంత్ర్యం రాని భారతదేశం అదే ఏడాది అక్కడి తన హైకమిషనర్‌ను వెనక్కి పిలిపించింది, జులైలో దక్షిణాఫ్రికాతో వ్యాపారం ఆపేసింది, గోడును ఐక్యరాజ్యసమితి ముందు పెట్టింది. మరో దేశపు జాతి విధానాన్ని మార్చేందుకు ఒక ప్రభుత్వం దాదాపు యాభై ఏళ్లు సాగించిన దౌత్యానికి ఇదే తొలి అడుగు.

ఈ గోడుకు తెలుగునాటితోనూ చుట్టరికం ఉంది. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో ఓడ 342 మందితో డర్బన్ చేరింది. ఆ ఓడలోనూ, తర్వాతి ఓడల్లోనూ నేటాల్ చెరకు తోటలకు వెళ్లిన కూలీల్లో తెలుగువాళ్లు ఉన్నారు. ఘెట్టో చట్టం దెబ్బ తగిలింది వాళ్ల పిల్లలకు, మనవలకు.

ఐక్యరాజ్యసమితి సాధారణ సభలో భారత ప్రతినిధి విజయలక్ష్మీ పండిట్‌కు ఎదురు నిలిచింది దక్షిణాఫ్రికా ప్రధాని జనరల్ స్మట్స్. సమితి చార్టర్ ప్రవేశిక రూపకల్పనలో పాలుపంచుకున్న మనిషి. ఇది తమ ఆంతరంగిక వ్యవహారమనీ, బయటివాళ్లకు జోక్యం చేసుకునే హక్కు లేదనీ ఆయన వాదించాడు. డిసెంబరు 8న ఓటింగు జరిగింది. ఈ వివాదంపై తీర్మానం గట్టెక్కాలంటే మూడింట రెండు వంతుల మద్దతు కావాలి. అనుకూలంగా 32, వ్యతిరేకంగా 15 పడ్డాయి. ఏడు దేశాలు తటస్థంగా ఉన్నాయి. అనుకూలించిన ఒక్క దేశం అటు మొగ్గినా తీర్మానం వీగిపోయేది.

తీర్మానాన్ని దక్షిణాఫ్రికా లెక్కచేయలేదు. 1948లో నేషనల్ పార్టీ గెలిచి, వర్ణవివక్షను (అపార్థైడ్) రాజ్యవిధానం చేసింది. భారత దౌత్యం ఎదిగింది ఇక్కడే. భారతీయుల హక్కుల కోసం మొదలైన వాదం నల్లజాతీయులందరి హక్కుల వాదంగా మారింది. 1952లో భారతదేశంతో సహా 13 ఆసియా, అరబ్ దేశాలు అపార్థైడ్‌నే సభ అజెండాలో చేర్చమని కోరాయి. 1954లో భారత్ దక్షిణాఫ్రికాలోని తన దౌత్య కార్యాలయాన్ని మూసేసింది. ఏటా అదే విషయాన్ని సభ ముందుకు తేవడం విసుగు పుట్టించే పనే. అయినా ‘ఆంతరంగికం’ అన్న గోడను బద్దలుకొట్టింది ఆ పట్టుదలే. 1961లో దక్షిణాఫ్రికా కామన్వెల్త్‌ను వదిలి వెళ్లాల్సి వచ్చింది.

1962 నవంబరు 6న సాధారణ సభ ఆంక్షలకు పిలుపునిచ్చి, అపార్థైడ్‌పై ప్రత్యేక కమిటీని ఏర్పరచింది. దానికి కార్యదర్శిగా వచ్చినవారు గూడూరు దగ్గరి పల్లపట్టిలో పుట్టిన ఏనుగ శ్రీనివాసులు రెడ్డి. ఆయన భారత ప్రభుత్వ ప్రతినిధి కాదు, సమితి ఉద్యోగి. అయినా విముక్తి ఉద్యమకారులకు సమితి తలుపులు తెరవడంలో ఆయన పాత్ర చాలా పెద్దది. తర్వాత ఆయన సమితి అపార్థైడ్ వ్యతిరేక కేంద్రానికి డైరెక్టరయ్యారు. దక్షిణాఫ్రికా 2013లో ఆలివర్ టాంబో పేరిట ఇచ్చే జాతీయ పురస్కారంతో ఆయనను గౌరవించింది.

1967లో దక్షిణాఫ్రికా విముక్తి సంస్థ ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ ఢిల్లీలో కార్యాలయం తెరిచింది. 1974లో డేవిస్ కప్ ఫైనల్‌కు చేరిన భారత టెన్నిస్ జట్టు దక్షిణాఫ్రికాతో ఆడనంది. కప్పు అవతలివాళ్లకే దక్కింది. ఒక తరం క్రీడాకారులు తమ జీవితంలో అతి పెద్ద అవకాశాన్ని అలా వదులుకున్నారు. దేశ విధానానికి వాళ్లు చెల్లించిన మూల్యాన్ని తక్కువ చేయకూడదు.

ఈ దౌత్యానికి పరిమితులూ ఉన్నాయి. బ్రిటన్, అమెరికాల వ్యాపారం కొనసాగినంత కాలం భారత్ ఒక్కటే కొనడం, అమ్మడం మానేస్తే ప్రిటోరియా ప్రభుత్వం కుంగిపోదు. భద్రతామండలి ఆయుధాల అమ్మకాన్ని తప్పనిసరిగా నిషేధించింది 1977లోనే. సమగ్ర ఆర్థిక ఆంక్షలకు పాశ్చాత్య దేశాల వీటోలు అడ్డుపడ్డాయి. అపార్థైడ్‌ను చివరికి కూల్చింది సొవెటో వీధుల్లో, గనుల్లో, జైళ్లలో పోరాడిన దక్షిణాఫ్రికా ప్రజలే. బయటి ఒత్తిడి వాళ్లకు అండగా నిలిచింది.

1990 ఫిబ్రవరిలో నెల్సన్ మండేలా జైలు నుంచి విడుదలయ్యారు. అదే ఏడాది భారత్ ఆయనకు భారతరత్న ఇచ్చింది. తెగిపోయిన దౌత్య సంబంధాలు 1993 నవంబరులో మళ్లీ అతికాయి. ఆ మరుసటి ఏప్రిల్‌లో నేటాల్ కూలీల వారసులు నల్లజాతి పౌరులతో కలిసి ఒకే వరుసలో నిలబడి ఓటు వేశారు.