గడప దాటిన విశ్వవిద్యాలయం: జి. రాంరెడ్డి ప్రయోగం, పాలమూరు నేపథ్యం

హైదరాబాదు–కర్నూలు రహదారిపై ఉన్న కొత్తకోటకు విశ్వవిద్యాలయమంటే చాలాకాలం హైదరాబాదులోని ఉస్మానియాయే. నల్లగొండలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం 2007లో, మహబూబ్‌నగర్‌లో పాలమూరు విశ్వవిద్యాలయం 2008లో ఏర్పడ్డాయి. ఈ దూరాన్ని తగ్గించే ప్రయత్నం అంతకు పాతికేళ్ల ముందే మొదలైంది. 1977 నుంచి 1982 వరకు ఉస్మానియా ఉపకులపతిగా ఉన్న ఆచార్య జి. రాంరెడ్డి, 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి తొలి ఉపకులపతి అయ్యారు. దేశంలో అటువంటి సంస్థ అదే మొదటిది.

ఆయన పంచాయతీరాజ్ వ్యవస్థను పరిశోధించిన పాలనాశాస్త్రవేత్త. కొత్త ప్రాంగణాలు కట్టకుండా, ఉన్న కళాశాలల్లోనే అధ్యయన కేంద్రాలు నెలకొల్పడంలో ఆ వికేంద్రీకరణ దృష్టి కనిపిస్తుంది. ఆకాశవాణి పాఠాలు ఆకర్షణీయమైనవే. అయితే అసలు మార్పు ప్రవేశ నిబంధనలో ఉంది. ఇంటర్మీడియట్ చదవనివారు సైతం అర్హత పరీక్షలో నెగ్గితే డిగ్రీలో చేరే వీలుండేది. పెళ్లితో చదువు ఆగిన స్త్రీకి, బడి మానేసి కొలువులో కుదిరిన యువకునికి ఈ ఒక్క నిబంధన మూసుకున్న దారిని తెరిచింది.

అయితే పాలమూరు కూలీ మట్టిపనికై నెలల తరబడి పరరాష్ట్రాల్లో ఉండేవాడు. అధ్యయన కేంద్రం మాత్రం పట్టణ కళాశాలలో, సెలవు దినాల్లో నడిచేది. విశ్వవిద్యాలయం ఊరి దగ్గరకు వచ్చేసరికి అతడు ఊళ్లో లేడు.