గ్రాఫిక్స్ కార్డు కనిపించడం లేదా? షాపుకెళ్లే ముందు ఇవి చూడండి

కంప్యూటర్ ఆన్ అవుతోంది, ఫ్యాన్లు తిరుగుతున్నాయి, గ్రాఫిక్స్ కార్డు మాత్రం డివైజ్ మేనేజర్‌లో లేదు. కార్డు పోయిందని అప్పుడే తేల్చేయకండి. మానిటర్ కేబుల్ కార్డుకే ఉందా, పొరపాటున మదర్‌బోర్డు పోర్టుకు పెట్టారా? ముందు అది చూడండి.

తర్వాత ప్లగ్ తీసేసి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి ఉంచండి. కార్డుకు వెళ్లే 6 లేదా 8 పిన్ల పవర్ కేబుల్ గట్టిగా పెట్టండి. స్లాట్ క్లిప్ వదులు చేసి కార్డు తీసి, బంగారు రంగు అంచును పొడిబట్టతో తుడిచి, ‘టక్’మనేదాకా నొక్కండి. గుండుగొలను లాంటి కొల్లేటి పక్క ఊళ్లలో వానాకాలం తేమకు దుమ్ము అంటుకుని కాంటాక్టు అందకపోవచ్చు.

అసలు పరీక్ష, కార్డును మరో కంప్యూటర్‌లో పెట్టి చూడటం. అక్కడ పనిచేస్తే లోపం మీ స్లాట్‌లోనో, పవర్ సప్లైలోనో, డ్రైవర్‌లోనో ఉంది. అక్కడా కనిపించకపోతే కార్డుదే. అప్పుడు బయట రిపేరుకు ఇవ్వకండి, వారంటీ పోయే ప్రమాదముంది. బిల్లు, సీరియల్ నంబరు ఫొటో తీసుకోండి. కార్డు ఇచ్చినట్టు షాపులో రశీదు అడిగి తీసుకోండి.

వారంటీ ఉన్నా కుదరదంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. అక్కడా తేలకపోతే ఈ-జాగృతి పోర్టల్‌లో జిల్లా వినియోగదారుల కమిషన్‌కు ఫిర్యాదు చేయొచ్చు. కార్డు హైదరాబాద్‌లో కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించినా 2019 చట్టం ప్రకారం మీరుండే చోటే కేసు వేయొచ్చు. అంటే గుండుగొలను వాళ్లకు ఏలూరు చాలు. రూ.5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు. గడువు 2 ఏళ్లు.